పనాహ్ అడిగేవాడి పేరేమిటి?

కాగజ్‌నగర్ పక్కన నజ్రుల్‌నగర్ అని ఒక ఊరుంది. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు అది మావాళ్ల ఊరే అనుకున్నాను. ఆదిలాబాద్ దిక్కు ఉర్దూ పేర్ల ఊర్లకు కొదవ లేదు. పోయి చూస్తే ముంగిట్లో తులసికోట, నోట్లో బెంగాలీ. తూర్పు పాకిస్తాన్ నుంచి పారిపోయి వచ్చిన హిందూ కుటుంబాలకు 1960, 70 దశకాల్లో సర్కారు ఇక్కడ భూమి చూపించింది. ఊరి పేరు మాత్రం కవి కాజీ నజ్రుల్ ఇస్లాంది. ఆయన బర్ద్వాన్ జిల్లాలో పుట్టాడు, ఢాకాలో మట్టయ్యాడు. ఇక్కడ ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల ఊరికి పేరయ్యాడు.

పేపరు పని మీద పోయి అక్కడ ఒక ముసలాయన ఇంటి ముందు కూర్చున్నాను. 1964 గొడవల్లో ఖుల్నా వైపు నుంచి తండ్రి భుజం మీద వచ్చినవాడు. చాలాసేపు మాట్లాడినంక "సార్, మీ పేరు?" అన్నాడు. చెప్పాను. ఆయన మాట ఆగిపోయింది. నాకు అర్థమైంది. వాళ్ల ఇల్లు కాల్చినవాళ్ల పేర్లు నా పేరులాంటివే. నేనేమనాలి? బాబ్రీ కూలిన నాడు నేను బడిపిల్లాణ్ని. అప్పటి నుంచి "నేను కాదు, నేను ఇక్కడివాణ్నే" అని చెప్పీ చెప్పీ నోరు నొచ్చినవాణ్ని. ఆ రోజు మాత్రం ఆ మాట నోట్లోంచి రాలేదు. కాసేపటికి ఆయనే లేచి లోపలికి పోయి చాయ్ తెచ్చాడు.

ఆ చాయ్ నాకు ఒక బాకీ. ఆ బాకీ తీర్చడానికే ముందుగా ఒక మాట ఒప్పుకుంటున్నాను. తూర్పు పాకిస్తాన్‌లో హిందువులను వెళ్లగొట్టినవాళ్లు నా మజహబ్ పేరు చెప్పుకున్నారు. 1971లో బెంగాలీలను చంపిన సైన్యం నేను ప్రాణంగా చూసుకునే ఉర్దూలో ఆజ్ఞలిచ్చింది. దీన్ని దాచుకుని నేను రోహింగ్యాల గురించి మాట్లాడితే అది ఇన్సాఫ్ కాదు, వకాల్తా అవుతుంది. ఒప్పుకున్నాను కాబట్టే ఇప్పుడు మిమ్మల్ని అడిగే హక్కు నాకుంది.

అడిగేది ఇదే. ఖుల్నా నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవాడికి కాగజ్‌నగర్‌లో భూమి. మంచిదే, ఇవ్వాల్సిందే. మరి అరకాన్ నుంచి అట్లాగే వచ్చినవాడు హైదరాబాద్ బాలాపూర్ గుడిసెల్లో ఐక్యరాజ్యసమితి కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఏ రాత్రి ఎవరొస్తారోనని ఎందుకు కూర్చున్నాడు? ఇద్దరినీ తరిమింది ఒక రాజ్యమే, ఒక మూకే. రోహింగ్యాల మాట చిట్టగాంగ్ మాటకు చుట్టమే. తేడా అంతా పేరులో ఉంది.

బర్మా రాజ్యం 1982లో పౌరసత్వ చట్టం మార్చి రోహింగ్యాలను ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. 2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లోనే ఏడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌లో పడ్డారు. సరిగ్గా అదే ఆగస్టులో మన కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. అక్రమంగా ఉన్నవాళ్లను, రోహింగ్యాలతో సహా, గుర్తించి వెనక్కి పంపండి అని. అక్కడ ఊర్లు తగలబడుతున్నాయి, ఇక్కడ తిరుగు టికెట్టు రాస్తున్నారు.

లెక్క చూద్దాం. దేశంలో రోహింగ్యాలు నలభై వేలు అని ఆనాడు సర్కారే చెప్పింది. కరీంనగర్ పట్టణ జనాభా 2011 లెక్కల్లోనే రెండున్నర లక్షలు దాటింది. అంటే ఇంత పెద్ద దేశాన్ని ముంచేస్తారని టీవీల్లో గొంతులు చించుకునే ఆ 'దండు' మా కరీంనగర్‌లో ఆరో వంతుకు కూడా రాదు. మనకంటే ఎన్నో రెట్లు చిన్నదైన బంగ్లాదేశ్ కాక్స్ బజార్ గుట్టల మీద పది లక్షల మందిని మోస్తున్నది. బంగ్లాదేశ్ కూడా శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. అక్కడి సర్కార్లు దేవదూతలూ కావు. కానీ దిక్కులేక తెరిచినా తలుపు తలుపే కదా.

మిత్రులారా, భారం పంచుకోవడమనే మాట మనకు కొత్తది కాదు. ప్రపంచానికి ఆ పాఠం చెప్పినవాళ్లలో మనమూ ఉన్నాం. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది మన దేశంలోకి వచ్చారు. ఆ శరత్కాలంలో ఇందిరాగాంధీ లండన్, వాషింగ్టన్, పారిస్, బాన్ తిరిగింది. ఈ మంటను పెట్టింది మేం కాదు, దీన్ని మా ఒక్కరి నెత్తిన వదిలేస్తారా అన్నదే ఆనాటి మన వాదం. నూటికి నూరుపాళ్లు న్యాయమైన వాదం. ఆ కోటిలో హిందువులున్నారు, ముస్లింలూ ఉన్నారు. సరిహద్దులో ఎవరి కల్మానూ, ఎవరి గోత్రాన్నీ అడగలేదు.

ఆ ఖర్చు కోసం 1971 నవంబరు నుంచి 1973 మార్చి దాకా ఉత్తరాల మీద అయిదు పైసల శరణార్థి సహాయ స్టాంపు అదనంగా అంటించాలని సర్కారు రూలు పెట్టింది. మా అబ్బా దాచుకున్న పాత ఉత్తరాల కట్టలో అవి నేను చూశాను. గోదావరిఖని బొగ్గుబాయి కార్మికుడు ఇంటికి రాసిన ఉత్తరం మీదా అదే స్టాంపు, మంచిర్యాల సేటు రాసిన ఉత్తరం మీదా అదే స్టాంపు. దేశంలో ఉత్తరం రాసే ప్రతివాడూ ముఖం చూడని మనిషి కోసం అయిదు పైసలు ఇచ్చాడు. ఈ దేశం ఒకప్పుడు అట్లా ఉంది. ఆ దేశాన్నే నేను వెనక్కి అడుగుతున్నాను. కొత్త దేశాన్ని కాదు.

అయితే ఆ రోజుల్నీ తేనె పూసి చూపను. నజ్రుల్‌నగర్‌కు, దండకారణ్యానికి పంపినవాళ్లు ఎవరు? ముందుగా వచ్చిన పైకులాల బెంగాలీ బాబులు కలకత్తా చుట్టూ కాలనీలు కట్టుకున్నారు. తర్వాత వచ్చిన నామశూద్రులను, అంటే దళితులను, రైళ్లకెక్కించి అడవులకు తోలారు. అక్కడ బతకలేక సుందరవనాల్లోని మరిచ్‌ఝాపీకి పోయినవాళ్లను 1979లో పశ్చిమ బెంగాల్ వామపక్ష సర్కారు పోలీసులతో చుట్టుముట్టించి వెళ్లగొట్టింది. వాళ్లు హిందువులే. ఆ పేరు వాళ్లనూ కాపాడలేదు. బెంగాల్లో షెడ్యూల్డ్ కులమైన నామశూద్ర పేరు మన రాష్ట్ర జాబితాలో ఈనాటికీ లేదు. మతం చూసి తలుపు తీసేవాడు లోపలికి రానిచ్చినంక కులం చూస్తాడు. నా దళిత సోదరులకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మరి కాగజ్‌నగర్‌లో ఇచ్చిన ఆ భూమి ఎవరిది? అడవి కొట్టి చేసిన భూమి. ఆ అడవి మీద బతికినవాళ్లు గోండులు, కోలాములు. జల్ జంగల్ జమీన్ అని పోరాడి 1940లో కుమ్రం భీం నేలకొరిగిన జిల్లా ఇది. ఢిల్లీ తన బాధ్యతను తీర్చుకుంది, దాని ధర ఆదివాసీ కట్టాడు. ఏ కోస్తా జమీందారు మాగాణినీ శరణార్థులకు పంచలేదు, ఏ నగరం నడిబొడ్డు జాగానూ ఇవ్వలేదు. ప్రపంచ పటంలో బంగ్లాదేశ్ ఎక్కడుందో ఆదిలాబాద్ పటంలో ఆదివాసీ అక్కడున్నాడు. దగ్గర ఉన్న పేదవాడి మీద భారం వేసి, దూరం ఉన్న ఉన్నవాడు ఉపన్యాసం చెప్పడం. దీన్ని భాగస్వామ్యం అనరు, దబాయింపు అంటారు.

ప్రపంచంలో జరుగుతున్నదీ అదే. 1951 శరణార్థుల ఒప్పందం పీఠికలోనే ఒక మాట ఉంది. ఆశ్రయమివ్వడం కొన్ని దేశాల మీద మోయలేని బరువు కావచ్చు, దేశాలన్నీ సహకరించకుండా పరిష్కారం లేదు అని. కానీ ఎవరెంత మోయాలో ఆ ఒప్పందంలో ఎక్కడా రాయలేదు. వచ్చినవాణ్ని చావులోకి వెనక్కి నెట్టొద్దు అని 33వ అధికరణం గట్టిగా చెప్పింది. రానివాడి వాటా సంగతి మాత్రం గాలికి వదిలింది. ఫలితం ఏమైంది? 2024 చివరి లెక్కల ప్రకారం ప్రపంచ శరణార్థుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు పేద, మధ్యతరగతి దేశాల్లోనే ఉన్నారు. 2018లో వాటాల గురించి ఐక్యరాజ్యసమితి ఒక ప్రపంచ ఒడంబడిక చేసింది. దానికీ కోరలు లేవు, ఎవరికి తోచింది వాళ్లు ఇస్తామన్నారు.

ఉన్నవాళ్ల తీరు చూడండి. యూరప్ 2016లో టర్కీకి డబ్బిచ్చి సిరియావాళ్లను అక్కడే ఆపమంది. ఆస్ట్రేలియా పడవలవాళ్లను నౌరూ ద్వీపానికి తోలింది. బ్రిటన్ 2022లో వాళ్లను రువాండాకు పంపుతానంది, 2024లో సర్కారు మారాకనే ఆ పథకం చచ్చింది. అమెరికా 2025 అక్టోబరులో ఏడాదికి 7,500 మందికి మించి తీసుకోనని, అందులోనూ దక్షిణాఫ్రికా తెల్లవాళ్లకు పెద్దపీట వేస్తానని ప్రకటించింది. వాళ్లు రంగు చూసి తలుపు తీస్తున్నారు. ఇక్కడ ఆ వార్త చదివి నవ్వినవాళ్లు 2019 పౌరసత్వ సవరణ చట్టాన్ని ఇంకోసారి చదువుకోవాలి.

ఆ చట్టం మూడు దేశాల పేర్లు, ఆరు మతాల పేర్లు రాసింది. 2014 డిసెంబరు 31 లోపు వచ్చినవాళ్లు అన్నది. 2024 మార్చిలో నిబంధనలు వచ్చాయి. 2025లో విదేశీయుల మీద కొత్త చట్టం వచ్చింది. పాత బ్రిటిష్ కాలపు చట్టాలను తీసేశామని గొప్ప చెప్పుకున్నారు. అందులోనూ శరణార్థి ఎవరో చెప్పే మాట ఒక్కటి లేదు. అదే సెప్టెంబరులో ఆ ఆరు మతాలవాళ్లు 2024 చివరి దాకా వచ్చినా శిక్షలుండవని మినహాయింపు ఇచ్చారు. నజ్రుల్‌నగర్ ముసలాయనలాంటి ఇంకొకరికి రేపు కాగితం దొరికితే నేను మిఠాయి పంచుతాను. నా కొట్లాట ఆ కాగితం మీద కాదు, తలుపు మీద రాసిన పేర్ల మీద. ఆ జాబితాలో రోహింగ్యా లేడు, అహ్మదీ లేడు, హజారా లేడు. లంక నుంచి వచ్చిన తమిళ హిందువు కూడా లేడు. ఆపద ఎంత పెద్దదన్నది ఈ చట్టం చూడలేదు. ఎవరు ఏ దేశం నుంచి, ఏ పేరుతో వచ్చారన్నదే చూసింది.

కోర్టుకు పోలేదా అంటారు. పోయాం. 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు, బతికే హక్కు పౌరుడికే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ ఉంది అన్నది. ఆనాడు ప్రధాని పీవీ నరసింహారావు. మా కరీంనగర్ జిల్లా మంథని నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యే. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లో ఆయన హయాంలోనే పుట్టింది. ఆ చక్మా కేసు వేసింది ఆ కమిషనే. 1995లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ కార్యవర్గంలో భారత్ చేరిందీ ఆయన హయాంలోనే. బాబ్రీ విషయంలో ఆయనతో మాకు తేలని లెక్క ఉంది, అది వేరే. కానీ ఆ సంస్థ బల్ల దగ్గర కుర్చీ వేసుకుని మూడు దశాబ్దాలు దాటినా, శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టని ఈ వింత ఎవరిది? 1997లో జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలో నమూనా శరణార్థి చట్టం తయారైంది. కాంగ్రెస్ వచ్చింది, బీజేపీ వచ్చింది, కూటములు వచ్చాయి. ఎవరూ దాన్ని చట్టం చేయలేదు. చట్టం ఉంటే హక్కు ఉంటుంది. చట్టం లేకపోతే దయ ఉంటుంది. దయను పాలకుడు తనకు ఇష్టమైనవాడికి వేస్తాడు, ఇష్టంలేనివాడి దగ్గర ఆపుతాడు. ఏ పార్టీ ఆ తాళంచెవిని వదులుకుంటుంది?

అందుకే 2021 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు జమ్మూలో పట్టుకున్న రోహింగ్యాల కేసులో, బతికే హక్కు అందరిదీ కానీ పంపేయకుండా ఉండే హక్కు పౌరుడిదే, పద్ధతి ప్రకారం పంపవచ్చు అనగలిగింది. 2025 మేలో నలభై మంది దాకా రోహింగ్యాలను ఓడలో తీసుకుపోయి అండమాన్ సముద్రంలో లైఫ్ జాకెట్లతో దింపేశారని ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి విచారణ మొదలుపెట్టాడు. మన కోర్టు ఆ కథనాన్ని నమ్మలేదు. నిజమేదో తేలనీ. కానీ నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి. ఆ వార్త విన్న నా చుట్టుపక్కల చదువుకున్నవాళ్లలో "అట్లా చేయరు" అన్నవాళ్ల కంటే "చేస్తే తప్పేంటి" అన్నవాళ్లే ఎక్కువ.

వాళ్లు అడిగే ప్రశ్నలకూ జవాబు చెప్పాలి. మొదటిది భద్రత. నేరం చేసినవాణ్ని పట్టుకోండి, కేసు పెట్టండి, శిక్ష వేయండి. 1951 ఒప్పందమే దేశ భద్రతకు ప్రమాదమైనవాడికి మినహాయింపు లేదని చెబుతున్నది. కానీ పాలపీక నోట్లో ఉన్న పసిదాని మీద కూడా అనుమానం రాస్తే దాన్ని భద్రత అనరు. ఆ అనుమానం ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. బాంబు ఎక్కడ పేలినా పాతబస్తీ పోరగాళ్లను ఎత్తుకుపోయే రోజులు చూసినవాళ్లం.

రెండోది, ముందు మన పేదలు. ఈ మాట అనేవాళ్లను భూపంపకం దగ్గర, కూలి రేట్ల దగ్గర, ఉపాధి పని బకాయిల దగ్గర నేనెప్పుడూ చూడలేదు. మన పేదవాడు వీళ్లకు శరణార్థి వచ్చిన రోజే గుర్తొస్తాడు.

మూడోది అందరికంటే గట్టిది. ముస్లిం దేశాలు అన్ని ఉన్నాయి కదా, వాళ్లు తీసుకోరెందుకు? నిజమే, తీసుకోరెందుకు? మా కరీంనగర్, నిర్మల్, జగిత్యాల పిల్లలు చెమటోడ్చి మేడలు కట్టిన సౌదీ, కువైట్, ఖతర్, ఎమిరేట్స్ ఏవీ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. 2023 చివర నుంచి పాకిస్తాన్ లక్షలమంది ఆఫ్ఘన్లను తరిమింది, తరిమేవాడిదీ వెళ్లేవాడిదీ ఒకే కల్మా. ఢాకా జెనీవా క్యాంపులో ఉర్దూ మాట్లాడే బీహారీలు పాకిస్తాన్ తీసుకుపోతుందని దశాబ్దాలు ఎదురుచూశారు. ఆ దేశం కొందరిని తీసుకుని మిగతావాళ్లను మరిచిపోయింది. ఉమ్మత్ అనే మాట జుమ్మా ఖుత్బాలో ఎంత పెద్దదో పాస్‌పోర్టు కౌంటర్ దగ్గర అంత చిన్నది. మన చరిత్రలో మొదటి హిజ్రత్ ఎక్కడికి? హబషాకు. పనాహ్ ఇచ్చిన నజాషీ అప్పటికి ఈసాయీ రాజు. తన మతంవాళ్లు కారని ఆయన వెనక్కి పంపి ఉంటే ఏమయ్యేది? ఈ కథను మిలాద్ సభల్లో చెప్పి కన్నీళ్లు పెట్టుకునే మనవాళ్లను కూడా నేను అడుగుతున్నాను. లంక తమిళుడి కోసం, మిజోరంలోకి వచ్చిన చిన్ క్రైస్తవుడి కోసం మన మసీదు ముందు ఎన్నడన్నా ఒక్క జలూస్ తీశామా? బాలాపూర్‌కు రంజాన్‌లో బియ్యం బస్తాలు పంపడం సవాబ్. అది హక్కుల పోరాటం కాదు.

మిజోరం అన్నాను కాబట్టి ఆ మాటా చెప్పాలి. 2021 బర్మా సైనిక కుట్ర తర్వాత వచ్చినవాళ్లను ఆపమని కేంద్రం సరిహద్దు రాష్ట్రాలకు రాసింది. 2011 లెక్కల్లో పదకొండు లక్షల జనాభా ఉన్న ఆ చిన్న రాష్ట్రం, వాళ్లు మావాళ్లు, పంపం అన్నది. ముప్పై వేలకు పైగా మందికి ఇల్లిచ్చింది. ఒక రాష్ట్రం చేయగలదని రుజువైంది. మరి 2020 మార్చిలో పౌరసత్వ సవరణకు వ్యతిరేకంగా అసెంబ్లీలో తీర్మానం చేసిన తెలంగాణ, తన రాజధాని అంచున ఉన్న కొన్ని వేలమంది గురించి ఒక్క విధానం రాసుకోలేదు. కేవలం చుట్టరికంతోనే ఇవ్వగలిగితే మిజోలకు దండం. చుట్టరికం లేనివాడికీ ఇవ్వగలిగితేనే అది రాజ్యాంగం.

నేనీ విషయాన్ని ఇంత వేడిగా ఎందుకు మాట్లాడుతున్నానో చెప్పి ముగిస్తాను. 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ తర్వాత మా నానీ ఎడ్లబండిలో గడ్డి కింద పడుకుని నాందేడ్ జిల్లా నుంచి నిర్మల్ దిక్కు వచ్చింది. ఆ నాందేడ్, సుందర్‌లాల్ కమిటీ ఎక్కువ దెబ్బతిన్నవని రాసిన నాలుగు జిల్లాల్లో ఒకటి. మొత్తం సంస్థానంలో చచ్చినవాళ్లు 27 వేల నుంచి 40 వేలు ఉంటారని ఆ కమిటీ అంచనా. ఆ నివేదికను సర్కారు దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. దారిలో ఒక గౌండ్లవాళ్ల ఇంట్లో వడ్ల గుమ్మి వెనక నానీ పదకొండు రోజులు దాక్కుంది. ఆ ఇంటామె "బీబమ్మా, తిన్నవా?" అని రోజూ అడిగేదట. ఇంకేమీ అడగలేదట. మా ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆ తల్లికి దువా చేస్తారు. నేనూ చేస్తాను. కానీ నానీ చెల్లెలి బండి ఇంకో దారిన పోయింది. ఆ దారిలో అట్లాంటి ఇల్లు దొరకలేదు.

అందుకే నాకు దయ మీద నమ్మకం లేదు. దయగల ఇల్లు దొరికినామె బతికింది, దొరకనామె పోయింది. దారి మధ్యలో అదృష్టం ఉండకూడదు, చట్టం ఉండాలి. ఏ మతం పేరూ రాయని శరణార్థి చట్టం ఈ దేశానికి కావాలి. 1951 ఒప్పందం మీద సంతకం కావాలి. ప్రాణభయం ఉన్నచోటికి ఎవరినీ నెట్టబోమన్న హామీ అందులో మొదటి వాక్యం కావాలి. ఐక్యరాజ్యసమితి కార్డు చూపినవాడికి బడి, దవాఖానా, పని దొరకాలి. రాష్ట్రాలు వాటాలు వేసుకోవాలి, ఖర్చు కేంద్రం పెట్టుకోవాలి, ఈసారి ఆ ధర ఆదివాసీ భూమితో కట్టకూడదు. ఆ తర్వాత 1971లో పోయినట్టే లండన్‌కూ వాషింగ్టన్‌కూ రియాద్‌కూ పోయి, మీ వాటా ఏదీ అని గల్లా పట్టి అడగాలి. ఇంట్లో తలుపు మూసుకుని వీధిలో న్యాయం అడిగేవాడి మాట ఎవరూ వినరు.

నజ్రుల్‌నగర్ ముసలాయన నా పేరు విని ఆగిపోయాడు, తర్వాత చాయ్ తెచ్చాడు. ఆయనకు ఆగిపోవడానికి కారణముంది. ఈ రాజ్యానికి ఏ కారణముంది?